చింతపండుతో తోమిన రాణి

పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున బౌషర్ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, పిన్ని ఇక లేదని. మాకు చుట్టరికమేమీ లేదు. ఆవిడది కడప, నాది గోదావరి పక్క. ఒకే ఇంట్లో పని, ఒకే రూమ్. ఒమన్ వచ్చిన కొత్తలో నేను ఏడుస్తుంటే అన్నం కలిపి పెట్టింది. ఆవిడే లేకపోతే మొదటి నెలలోనే తిరిగి వెళ్లిపోయేదాన్ని.

"మురికి కనపడితే సెయ్యి ఊరకుండగూడదు పాపా" అని పని నేర్పింది.

మా యజమానిని బాబా అంటాం. ఆయనకు పాత రోమన్ కంచు నాణేలంటే పిచ్చి. అద్దాల బీరువాలో దాచుకున్నాడు. వాటిల్లో ఒకదాని మీద ఒకవైపు రాణి, రెండోవైపు దేవత. చనిపోయిన రాణిని దేవతను చేసి, తలమీద ముసుగుతో నాణెం వేసేవారట. బాబా ఆ మాట చెప్పిన నాటి నుంచి పిన్ని దండం పెట్టకుండా ఆ బీరువా దుమ్ము దులిపేది కాదు.

"ఏవిటండీ పిన్నిగారూ, ఊరూ పేరూ తెలియని ఆవిడకి దండాలు?" అని ఏడిపించేదాన్ని.

"ముసుగేసుకోని ఉండాది సూడు. అమ్మోరు గాక ఇంకెవురు?"

ఆ భక్తే కొంప ముంచింది. ఒక శుక్రవారం, పూజ సామాను తోమినట్టే ముసుగు రాణిని చింతపండు, ఉప్పు వేసి తోమేసింది. పచ్చటి చిలుముతోపాటు కళ్లూ ముక్కూ పోయాయి. తళతళలాడే ఉత్త బిళ్ల మిగిలింది. ఇంటికి పంపేస్తారని ఇద్దరం భయపడ్డాం. బాబా దాన్ని అటూ ఇటూ తిప్పి, "మాఫీ ముష్కిల్, పరవాలేదు" అని మళ్లీ బీరువాలో పెట్టేశాడు. తిట్టి ఉంటే పిన్ని తేరుకునేదేమో.

"మొగం లేకుండా ఆయమ్మను ఎవురు గుర్తుపడతారు?" అని కూరగాయలు తరుగుతూ ఉన్నట్టుండి అడిగేది. ఒకరోజు బీరువా ముందు నిలబడి మెల్లగా అంటుంటే విన్నాను, "నాది తీసుకో తల్లీ."

ఆ తర్వాతే మొదలైంది. వీడియో కాల్‌లో వాళ్లమ్మాయి, "అమ్మా, నీ మొగం మసగ్గా ఉండాదే" అనేది. పిన్ని పైటకొంగుతో ఫోన్ తుడిచేది. అదే తెరమీద పక్కనున్న నా ముఖం శుభ్రంగా కనిపించేది. నేను లైటు వేసి చూసేదాన్ని. ఆవిడ మాత్రం, "పోనీలే, తీసుకుంటా ఉండాది" అని నవ్వేది. నవ్వితే ముక్కుపుడక మెరిసేది. మంచం పట్టిన చివరి రోజుల్లో తెర మీద అదొక్కటే తెలిసేది.

పిన్నిని కడపకు పంపించాక, మొన్న శుక్రవారం తడిగుడ్డ పట్టుకుని బీరువా తెరిచాను. బిళ్ల మీద మళ్లీ చిలుము పడుతోంది. అంచుల్లో ఏమీ లేదు, అంతా నడుమనే. ముసుగు తెలుస్తోంది, చెంప తెలుస్తోంది. ముక్కు పక్కన పుడకంత చుక్క.

నేను తుడవలేదు.