ఎతియెన్ గారికి ఇంకో శాలువా

కిందటి వారం పొద్దున్నే ఆదోని నుంచి ఖాసిం ఫోన్ చేశాడు. ఎతియెన్ గారు అద్దెకున్న ఇంటి యజమాని ఆయన. "అన్నా, సారు పోయినాడన్నా. టీ ఇద్దామని పోతే కుర్చీలోనే ఉండాడు, పలకలేదు" అన్నాడు. ముందురోజు సాయంత్రమే ఎమ్మిగనూరు మండపం విషయమై నాతో ఫోన్‌లో గొంతు చించుకున్న మనిషి! వాస్తుశిల్పి, మహాపండితుడు, నా చేతికి గీత నేర్పిన గురువు ఇక లేరంటే మనసు ఒప్పుకోలేదు. అయితే దుఃఖం చెప్పుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

ఎతియెన్ వలూర్ గారు ఫ్రాన్సు దేశస్థులు. గ్రీకు, రోమన్ ఆలయాల నిర్మాణరీతిని అభ్యసించి, ఆ రీతిలో భవనాలు రూపొందించి, యౌవనంలోనే అక్కడ కీర్తి గడించారు. హంపీ చూడ్డానికి వచ్చినప్పుడు ఎవరో చెబితే ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలోని రాతి మండపం చూశారు. ఇక తిరిగి వెళ్ళలేదు. ఆదోనిలో ఇల్లు తీసుకుని, హాలహర్వి మొదలు మాధవరం దాకా ఊరూరా తిరిగి పాత మండపాలను కొలిచి గీశారు. గ్రీకు స్తంభానికీ మన స్తంభానికీ గల సామ్యభేదాలను వివరిస్తూ ఫ్రెంచిలో ఆయన రచించిన గ్రంథం విద్వాంసులకు ప్రమాణం. మన ఊళ్ళో దాని పేరైనా తెలిసినవాళ్ళు లేరు. ఆయన మాట్లాడేది మాత్రం మన తెలుగే, అదీ నేతవీధి తెలుగు.

ఒకసారి ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి తన కొత్త ఇంటికి పిలిచాడు. ముందువైపు తెల్లటి గ్రీకు స్తంభాలు. "మీ దేశం స్తంభాలే సార్, మీకోసమే చూపిస్తాండా" అన్నాడు మురిసిపోతూ. ఎతియెన్ గారు వేలితో తట్టారు. లోపలంతా బోలు. "ఇది ఏం మోస్తాదప్పా?" అని అడిగారు. "ఏమీ మోయదు సార్, సోకుకు పెట్టించినా." ఆయన నవ్వలేదు. "మా దేశంలో కూడా ఇట్లాంటివి శానా ఉండాయి. వాటిని చూడలేకనే ఈడికి వచ్చినా" అని చెప్పి, కాఫీ తాగకుండా లేచి వచ్చేశారు. ఏమీ మోయనిదాన్ని స్తంభమని పిలవడం అబద్ధమాడటమేనని తన దగ్గర గీత నేర్చుకునే మాకు పాఠం చెప్పేటప్పుడు పదే పదే అనేవారు.

నేతవీధి మండపం మీద ఆయనకు అంత ప్రేమ ఎందుకో చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు నూలుపోగులను బారుగా చాపి గంజి పట్టిస్తారు. అదే పడుగు చాపడం. వీధివాళ్ళు తరతరాలుగా ఆ పని మండప స్తంభాల నడుమ, నీడలో చేసుకుంటున్నారు. గంజి మరకలతో మండపం పాడవుతోంది, వీళ్ళను తరిమేయాలని మండపం కమిటీ అధ్యక్షుడు సభలో అంటే, ఎతియెన్ గారు లేచారు. "దీపాల నూనె మరక పుణ్యము, గంజి మరక పాపమా? పని జరిగే మండపమే బతికున్న మండపం. మీరు దాన్ని సంపి కాపాడతారా?" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. అధ్యక్షుడు నవ్వుతూ వచ్చి ఆయనకు శాలువా కప్పాడు.

ఆ శాలువాతోనే నా కోపం మొదలైంది. తర్వాత రోడ్డు వెడల్పు చేయడానికి మండపం కూల్చాలన్నారు, కమిటీ తలూపింది. ఆయన అభ్యంతరం చెప్పడానికి కమిటీ దగ్గరికి వెళ్ళారు, శాలువా కప్పి పంపారు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ కప్పారు. మన వాళ్ళకు సన్మానించడం వచ్చినంత బాగా వినడం రాదు. చేనేత ఊళ్ళో, ఆ శాలువాలు ఎక్కడో మిల్లులో నేసినవి! ఆయన వాటిని మడిచి, నేల మీద కూర్చుని కొలిచేటప్పుడు మోకాళ్ళ కింద వేసుకునేవారు. చివరికి మండపాన్ని ముట్టుకోకుండా రోడ్డును ఎట్లా పక్కకు తిప్పవచ్చో స్వయంగా ప్లాను గీసి ఇచ్చారు. అధ్యక్షుడు దాన్ని ఏం చేశాడనుకున్నారు? అద్దం కట్టించి తన ఆఫీసు గోడకు తగిలించాడు. వచ్చినవాళ్ళకల్లా చూపించి, "ఎంత సక్కగా గీసినాడో సూడండి" అని మెచ్చుకుంటున్నాడు.

అంత్యక్రియల రోజు ఖాసిం ఇంటి ముంగిట్లో భౌతికకాయాన్ని ఉంచారు. కమిటీవాళ్ళు కారు దిగి, ఫొటోగ్రాఫర్‌ను పిలిచి, కొత్త శాలువా విప్పి కప్పారు. ఎమ్మిగనూరు నుంచి వీధివాళ్ళతో వచ్చిన నేతగత్తె రంగమ్మ తలాపున కూర్చుని ఉంది. లేచి ఆ శాలువా లాగేసింది.

"బతికినన్నాళ్ళూ ఆయన నోరు మూయడానికే కప్పితిరి. ఇప్పుడు మూసేందుకు ఏముండాదని? తీసుకోండప్పా" అని అధ్యక్షుడి చేతిలో పెట్టింది. తన ఇంట్లో నేసిన తెల్ల దుప్పటి తెచ్చి ఆయన మీద పరిచింది. అప్పటిదాకా బిగబట్టుకున్న నేను అప్పుడు ఏడ్చాను.

ఇంతటితో ఆగలేదు. ఇప్పుడు ఎమ్మిగనూరు బస్టాండులో ఆయన ఫోటోతో ఫ్లెక్సీ వెలిసింది. "ఎతియెన్ స్మారక తోరణం" కడతారట. మండపం తీసేసి, ఆ చోట రోడ్డు మీదుగా, సిమెంటుతో, అటూ ఇటూ బోలు గ్రీకు స్తంభాలతో! ఆయన జీవితమంతా దేన్ని అసహ్యించుకున్నారో దాన్నే, ఆయన ప్రేమించినదాన్ని కూల్చి, ఆయన పేరుతోనే కడతారా? సిగ్గులేదా మనకు?

ఆయన శిష్యుణ్ణని శంకుస్థాపనకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. తప్పకుండా వస్తాను. ఆ రోజు మండపంలో రంగమ్మ వాళ్ళు పడుగు చాపుతారు. నేను వాళ్ళతోపాటు అక్కడే ఉంటాను, కూల్చే యంత్రం వచ్చినా కదలను. అటువంటి గురువు నాకు మళ్ళీ దొరకడు. ఆ మండపం పోతే అదీ మళ్ళీ రాదు. ఆయనకు నేను సమర్పించగల నమస్సు ఇదొక్కటే.

అధ్యక్షుల వారికి ఒక మనవి. నాకు శాలువా తేవద్దు. మీ గోడ మీది ఆ పటం దించి, అద్దం ఊడదీసి, లోపలి కాగితం పట్టుకుని రండి. రోడ్డు ఎటు తిప్పాలో ఆయన గీసే పోయారు.