అమలాపురంలో గొంతు పరీక్ష

డ్రిల్లు మాస్టారంటే కండలుంటే చాలుననుకునేవాణ్ణి. ముందు కావలసింది గొంతట. అది లేకనే మా ఆవిడ సుశీల, వ్యాయామ శిక్షణలో పరుగూ ఆటలూ అన్నీ పాసై, పిల్లల చేత కసరత్తు చేయించే ఆఖరి పరీక్షలో కిందటేడు తప్పింది. ఈసారీ తప్పితే నరసాపురంలో మా పేట స్కూలువాళ్ళు ఆమె కోసం ఆపిన ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. పెళ్ళిచూపుల్లో మా అమ్మ మరీ మరీ మెచ్చుకున్నది కూడా ఆ గొంతునే. "పక్కగదిలోకి వినబడదు, బంగారుతల్లి" అని మురిసిపోయింది. ఈసారి పరీక్ష అమలాపురంలో. తోడైతే బయల్దేరాను గానీ నాకు నమ్మకం లేదు.

పొద్దున్న ఆరింటికి, బల్లకట్టులాంటి పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగాం. రేవులోనే అమలాపురం బస్సు ఉంటుంది. టీ తాగుదామని మాత్రం ఆగకండి. మేం ఆగాం, రాజోలు దాకా నిలబడ్డాం.

రాజోలులో సీట్లు దొరికాయి. పక్కనున్న కొబ్బరికాయల వ్యాపారి ఎక్కడికని అడిగితే సంగతి చెప్పాను.

"డ్రిల్లు టీచరాండీ? ఆడవాళ్ళకీ ఉందాండీ ఆ ఉద్యోగం?"

"ఆయ్, ఉందండీ" అంది సుశీల.

"ఏటన్నారండీ అమ్మాయిగారు?" అని ఆయన నన్నడిగాడు.

పి.గన్నవరం దగ్గర మాత్రం కిటికీ పక్కన కూర్చోండి. కింద గోదావరి పాయ, దానిమీద వంతెన, ఆ వంతెనమీద నిండుగా పారే కాలువ! నది నెత్తిన కాలువ నడవడమేమిటని నోరెళ్ళబెట్టాను. సుశీల కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. అది ప్రార్థనో, కమాండ్లు వల్లె వేయడమో నాకు తెలియలేదు. అంబాజీపేటలో బస్సు ఆగితే పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తిన్నాం. నేను తిన్నాననాలి, ఆమె సగంలో వదిలేసింది.

తొమ్మిదిన్నరకి అమలాపురం చేరాం. బస్టాండు నుంచి పరీక్ష జరిగే మైదానానికి రిక్షాలో పదినిమిషాలు. చుట్టుపక్కల పల్లెల నుంచి రెండొందలమంది పిల్లల్ని తెచ్చి వరసలుగా నిలబెట్టారు. వాళ్ళ వెనక కొంతదూరంలో నీళ్ళతో నిండిన బోదె కాలువ. గొంతుకే మార్కులు గనక ఈల ఊదకూడదు. ముందుగా పరీక్ష రాయవచ్చిన ఒక మీసాలాయన కమాండిస్తే కొబ్బరిచెట్ల మీది కాకులు లేచిపోయాయి. తరవాత సుశీల పేరు పిలిచారు.

వంగాలి, చేత్తో నేల తాకాలి, లేవాలి. పిల్లలకి ఆమె మాట వినబడిందో, చేతులు చూసి చేశారో, మొదలైతే పెట్టారు. అవి నాట్ల రోజులు. ఆ పిల్లల్లో సగంమంది ముందురోజు దాకా తల్లుల వెంట మడిలో నారు నాటినవాళ్ళే. నడుం వంగి చెయ్యి నేలకి తాకగానే ఒక పిల్ల అలవాటుగా అడుగు వెనక్కి వేసింది. దాన్ని చూసి పక్కది. చూస్తుండగానే వరసలన్నీ నేల తాకుతూ, అడుగు వెనక్కి వేస్తూ, తిన్నగా బోదెవైపు సాగిపోతున్నాయి.

"ఆగండి, ఆగండి" అంటోంది సుశీల. సముద్రపు గాలికి ఆ మాట నా దాకానే రాలేదు. మార్కులు వెయ్యడానికొచ్చిన నెరిసిన జుట్టాయన పెన్సిలు తీశాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఆమె కొంగు బిగించి నడుముకి దోపింది.

"గట్టొచ్చిందర్రోయ్!"

ఆ కేక మైదానం దాటి, బోదె దాటి, కొబ్బరితోటలోకి పోయింది. రెండొందలమందీ ఒక్కసారే ఆగి, నడుం నిటారు చేసి, చేతులు నడుముకి ఆనించి నిలబడ్డారు. ఒక్క వరస వంకర లేదు. మూడేళ్ళు కాపురం చేసిన మనిషిలో ఇంత గొంతు ఎక్కడ దాగిందో! అదే గొంతుతో పిల్లల్ని ముందుకి నడిపించి, కసరత్తంతా మొదటినుంచీ చేయించింది.

"ఇదేం కమాండమ్మా? పుస్తకంలో లేదే" అన్నాడు నెరిసిన జుట్టాయన.

"మా అమ్మదండీ. నాట్లేసేవాళ్ళు ఎనక్కి నడుస్తారు కదండీ, గట్టు కనబడదండీ. గట్టు రాగానే ఆగమని ముఠాకి మా అమ్మే కేకేసేదండీ."

ఆయన పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. "రిజల్టు కాగితం తరవాత వస్తుంది. ఈలోగా పాసయ్యానని మీ స్కూలువాళ్ళకి చెప్పుకోండి" అన్నాడు.

ఉండిపోవలసివస్తే బస్టాండు ఎదుట లాడ్జి ఉంది. మేం మూడింటి బస్సెక్కాం.

"ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?" అన్నాను.

"మా అన్నయ్యకి ఉద్యోగం వచ్చేక ఇంట్లో చెప్పేరండీ, ఆ కూలిగొంతు ఇంక వద్దని. చదువుకున్న హాస్టల్లోనూ అదే మాట. తరవాత మీరందరూ మెచ్చుకున్నది కూడా ఈ చిన్నగొంతునే కదండీ."

కోనసీమ వెళ్ళేవాళ్ళు గన్నవరం వంతెన తప్పక చూడండి. నేను మాత్రం అంతకంటే పెద్ద వింత విని వచ్చాను.

సాయంత్రం పంటు మీద నిలబడి సుశీల ఏదో అడిగింది. ఇంజను మోతలో నాకు వినబడలేదు. ఏమిటన్నాను.

"ఇంటికెళ్ళేక అత్తయ్యగారి దగ్గర ఎలా మాట్లాడమంటారండీ?"

పంటు మీది జనమంతా మావైపు తిరిగారు.

"ఇలాగే" అన్నాను. ఆమెకి వినబడలేదు. ఈసారి నేనే గొంతెత్తవలసి వచ్చింది.