దానా ఆరబెట్టే ఓవెన్

మంచిర్యాల పక్కన మా కంపెనీలో పంపులకు వేసే ప్లాస్టిక్ రింగులు తయారు చేసేవాళ్ళం. మామూలు ప్లాస్టిక్ కాదు, సలసల కాగే నూనెలో వేసినా మెత్తబడదు. అంత మొండిఘటానికి ఉన్న ఒకే ఒక్క భయం తడి. దాని గుళికలను మేం దానా అంటాం. పెద్ద ఓవెన్‌లో గంటల తరబడి ఆరబెట్టకుండా దానాను మిషన్లో పోస్తే రింగుల్లో బుడగలు వస్తాయి. అందుకే వానాకాలం వచ్చిందంటే మా సేఠ్ పూజారిని మించి మడి పాటించేవాడు. "తడిచేతులతోని ఓవెన్ దిక్కు రాకుండ్రి, మాల్ ఖరాబైతది" అని రోజూ పాఠం చెప్పేవాడు. ఎవరైనా తుమ్మితే గుర్రుగా చూసేవాడు.

రింగులను పరీక్షించి పాస్ చేయడం నా పని. ఆ వానాకాలం వరసగా బుడగలు వచ్చాయి. తప్పెవరిదో తేల్చడానికి సేఠ్‌కు ఎంతోసేపు పట్టలేదు. ఓవెన్ చూసుకునేది మేమందరం చాచా అని పిలిచే పెద్దాయన.

"నేను మంచిగనే ఆరబెట్టిన సేఠ్," అన్నాడు చాచా.

"మరి తడి మొగులుకెల్లి దిగిందా? రేపటి సంది రాకు."

ఆ వయసులో ఆయనకు ఇంకెవరు పని ఇస్తారు?

చాచా పోయాక ఓవెన్ కూడా నా నెత్తిన పడింది. బుడగలు మాత్రం ఆగలేదు. దానా ఆరేదాకా ఓవెన్ తెరవం; ఒకరోజు అనుమానమొచ్చి అన్నాల వేళకు ముందే తలుపు తీస్తే ఘుమ్మని పప్పుచారు వాసన. దానా ట్రేల కింద సేఠ్ గారి క్యారియర్, మూత సందులోంచి ఆవిరి!

సేఠ్‌ను పిలిచి చూపించాను.

"సల్లారిన బువ్వ తినొద్దని డాక్టర్ చెప్పిండమ్మా," అని నసిగాడు సేఠ్. "అయినా నా చేతులు పొడిగనే ఉండె."

"చాచాను పిలువుండ్రి. లేకుంటే బుడగలకు కారణం పప్పుచారని పంపులోళ్ళకు పోయే రిపోర్టుల రాస్త," అన్నాను.

మర్నాడు చాచా వచ్చాడు. సేఠ్ ఆయనకు క్షమాపణ చెప్పలేదు సరికదా, "పోనీ అని మాఫ్ చేసిన" అని అందరికీ చెప్పుకున్నాడు. పైగా ఒక కొత్త బోర్డు, మేకులు చాచా చేతికే ఇచ్చి ఓవెన్ పక్కన కొట్టమన్నాడు. దాని మీద పెద్ద అక్షరాలు: "పనివాళ్ళు ఇందులో టిఫిన్లు పెట్టరాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "కొట్టకు చాచా," అన్నాను.

"జర ఆ పక్క పట్టు బేటీ," అన్నాడాయన సుత్తి అందుకుంటూ. "వంకర పోతే మల్ల నన్నే అంటడు."

పట్టుకున్నాను.