పుస్తకానికి పేపరు అట్ట

డాట్‌కామ్ జోరు మీదున్న రోజులవి. జావా ప్రోగ్రామింగ్‌లో మూడేళ్ల అనుభవం ఉందని అబద్ధం చెప్పి సింగపూర్‌లో ఉద్యోగంలో చేరాను. తంజోంగ్ పగార్‌లోని ఆఫీసుకు వెళ్లే ట్రైన్‌లో జావా పుస్తకానికి పేపరు అట్ట వేసుకుని చదివేవాణ్ణి. ఆఫీసువాళ్లు చూస్తారేమోనని ఒకటే దడ.

ఒకరోజు పక్కనున్న నల్లజాతి అమెరికన్ పెద్దావిడ అట్ట వైపు చూసింది.

"మా తాతమ్మా ఇలాగే దాచేదట. అప్పట్లో మిసిసిపీ నది ఒడ్డున మా ఊళ్లో నల్లపిల్లలకు చదువు చెప్పడం నేరం. బానిసత్వం పోవాలనే పాస్టరొకాయన చర్చి కింద గదిలో చాటుగా చెప్పేవాడు. తలుపు చప్పుడైతే పుస్తకం మీద గుడ్డ కప్పి, కుడుతున్నట్టు సూది పట్టుకునేదట. మరి మీకెవరి భయం?"

"మా బాస్ భయం. ఇదంతా వచ్చని చెప్పాను."

ఆవిడ నవ్వలేదు. ఒళ్లో సంచి జరిపి నా పుస్తకానికి అడ్డం పెట్టింది.

"చదవండి," అంది.

ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మర్నాడు అట్ట తీసేశాను. దడ మాత్రం అలాగే ఉంది.