కోటగిరి లారీలో ఆయిల్ ఎటు పోయింది?

1968 చలికాలం. బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో చెరకు ఆడుతున్న రోజులు. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని నేను డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. సీజన్‌లో లారీ ఒక్క పూట ఆగినా నరికిన చెరకు పొలంలోనే ఎండి తూకం తగ్గేది. అందుకే నా దగ్గరికి ఎవరు వచ్చినా బండితోనే, తొందరగానే వచ్చేవారు. నర్సవ్వ మాత్రం బండి లేకుండా ఒక్కతే వచ్చింది.

ఆమెది కోటగిరి. కాలువ కింద వరి, చెరకు పండించే ఇల్లు. ఆ పాత లారీని కొన్నది భర్త. ఆయన అంతకుముందు వానకాలమంతా మంచాన పడి, చివరికి పోయాడు. లారీ అమ్మెయ్యమని మరిది పోరుతున్నాడట. పైగా పొద్దున బండి స్టార్టు కాదు, మనుషులు నెట్టాలి. ఆయిల్ ఎంత పోసినా తగ్గిపోతోంది. డ్రైవర్ సామేలు ఆయిల్ డబ్బా పట్టుకుని బోధన్ బజార్లో తిరుగుతుంటే మరిది కళ్లారా చూశాడు.

"ఇంజన్ తాగుతున్నదా, మనిషి అమ్ముకుంటున్నడా, గదొక్కటి చెప్పుండ్రి మిస్త్రీ," అంది నర్సవ్వ. "సామేలు మా ఆయన ఉన్నప్పటి సంది ఉన్నడు. ఉత్తగ నింద పెట్టలేను. ఊకోను గూడ లేను."

నాకు ఆ పని నచ్చలేదు. ఇంజన్ సంగతి చెప్పగలను గాని, మనిషి సంగతి చెప్పడం నా వల్ల ఏమవుతుంది? కానీ ఆమె మొహంలో కోపం కన్నా దిగులే ఎక్కువగా ఉంది. ఆయిల్ ఇంజన్‌లోంచి పోతుంటే ఆ దారి చూపిస్తాను, అంతకుమించి అడగొద్దన్నాను. బండిని ఒక రాత్రి నా దగ్గర ఉంచి, మరునాడు రమ్మన్నాను.

సాయంత్రం సామేలు బండి తెచ్చాడు. బక్కపలుచటి మనిషి, మాట మెత్తన. బోధన్‌లో చర్చి పక్కన ఇల్లు. పొద్దున పూటే బండి మొండికేస్తుందని, ఒకసారి లేచిందంటే రోజంతా బాగానే లాగుతుందని చెప్పాడు. ఈమధ్య లోడు మీద క్లచ్ కొంచెం జారుతోందన్నాడు. అన్నీ చెప్పి వెళ్లబోతూ ఆగాడు.

"ఇంజన్ పనైపోయిందని తేలితే అక్కకు చెప్పకుండ్రి మిస్త్రీ. సీజన్ ఎల్లేదాక ఎట్లన్న నడిపిస్త. ఆయిల్ సంగతి నేను సూసుకుంట."

ఎట్లా చూసుకుంటావని అడిగాను. బండి తాళం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ మాట నాకూ అనుమానంగానే తోచింది.

తెల్లారి సామేలు మళ్లీ వచ్చి, చల్లటి ఇంజన్ మీద స్టార్టర్ నొక్కితే, ఇంజన్ తిరుగుతోంది గాని సైలెన్సర్ నుంచి కొంచెం కూడా పొగ రాలేదు. పొగే లేదంటే లోపలికి డీజిల్ అందడం లేదన్నమాట. ఫీడ్ పంపు అంటే ట్యాంకులోని డీజిల్‌ని ఇంజన్ దాకా లాగే చిన్న పంపు. దాన్ని చేత్తో కొట్టి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేస్తే డీజిల్‌కు బదులు బుడగలు వచ్చాయి. గాలి పోయేదాకా కొట్టి మళ్లీ స్టార్టర్ నొక్కమన్నాను. వెంటనే అందుకుంది. ట్యాంకు నుంచి వచ్చే పైపు జాయింటులో రాగి వాషర్ అరిగిపోయింది. అక్కడ గాలి దూరి, రాత్రంతా డీజిల్ వెనక్కి దిగిపోతోంది. కొత్త వాషర్ వేశాను.

ఇక ఆయిల్. సిలిండర్‌లో కాలిపోతుంటే నీలం పొగ రావాలి, అదీ లేదు. నిలబెట్టిన చోట కింద చుక్క లేదు. ఆయిల్ పోసే మూత విప్పగానే మాత్రం గాలి బుస్సుమని మొహం మీదికి కొట్టింది. మామూలుగా దానర్థం పిస్టన్ రింగులు అరిగిపోయి, సిలిండర్‌లో గాలి కిందికి దూరుతోందని. అంటే ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. సామేలు నా మొహం చూసి తల వంచుకున్నాడు.

కానీ రింగులు పోయిన ఇంజన్ అంత చలిలో ఒక్కసారికే అందుకోదు. ఎక్కడో లెక్క కుదరడం లేదు. మూత కాసేపు తీసే ఉంచితే గాలి జోరు తగ్గింది. అంటే అది లోపల పోగుపడిన గాలే. అప్పుడు బ్రీదర్ చూశాను. ఇంజన్ లోపలి గాలి బయటికి పోవడానికి కిందికి దించిన పైపు అది. తీగ పెట్టి పొడిస్తే ఎండిన మట్టి రాలింది. బండి వానకాలమంతా కదలకుండా ఉంటే కందిరీగ అందులో గూడు కట్టుకుంది. గాలికి దారి లేక, ఆ ఒత్తిడికి ఆయిల్, ఇంజన్ వెనుక కారకుండా బిగించిన సీలును తోసుకుని బయటికి వస్తోంది. ఇంజన్ వెనుక భాగమంతా దుమ్మూ చెరకు చెత్తా ఆయిల్ పీల్చుకుని నల్లటి పెచ్చులు కట్టి ఉంది. క్లచ్ జారడమూ దానికి ఈ ఆయిల్ అంటినందుకే. బండి నడిచినంతసేపే కారుతుంది, ఆగితే ఆగిపోతుంది. నిలబెట్టిన చోట చుక్క కనబడనిది అందువల్లే.

పెచ్చులు గీకి, పైపు శుభ్రం చేసి, బండిని రోడ్డు మీద తిప్పి తెచ్చాం. కిందికి దూరి చేత్తో తడిమితే కాస్త జిడ్డు తప్ప ఏమీ లేదు.

అప్పటికి నర్సవ్వ వచ్చి ఉంది. మట్టిపెళ్లలు చూపించి అంతా చెప్పాను. ఆయిల్ రోడ్డు పాలయింది, ఎవరూ తీయలేదన్నాను. ఆ మాటతో తన మీద అనుమానం ఉందని సామేలుకు అర్థమైంది. సీటు వెనక నుంచి డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అమ్మనీకి కాదక్కా, కొననీకి పోయిన. నా రోజుబత్తా పైసలతోని కొని పోసిన. ఇంజన్ ఆయిల్ తాగుతున్నదని తెలిస్తె లారీ అమ్ముతరు. మీకు బండి పోతది, నాకు బువ్వ పోతది."

"నాతోని చెప్పొద్దా తమ్మీ?"

"మీరు అడిగితె చెప్తుంటి గదక్కా."

నర్సవ్వ అక్కడున్న పనిముట్ల పెట్టె మీద కూర్చుండిపోయింది. మెల్లగా అంది: "అడగనీకే భయమైంది. నువ్వు ఔనంటవేమోనని."

సామేలు నీళ్ల పంపు దగ్గరికెళ్లి చేతులు కడుక్కుని, ఆమెకు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

సీలు, క్లచ్ ప్లేటు సీజన్ అయిపోయాక మార్చాను. మరిది మళ్లీ అమ్మకం మాటెత్తలేదట. ఆ తర్వాత చాలా ఏండ్లు సామేలే ఆ లారీ నడిపాడు.

స్టార్టు కాకపోవడం, ఆయిల్ తగ్గడం రెండూ ఒకే రోగమనుకుని మేమంతా ఇంజన్ చచ్చిందనుకున్నాం. అవి రెండు వేర్వేరు చిన్న లోపాలు. ఇది పనిలో నేర్చుకున్నది. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ ఓనరైనా డ్రైవర్ మీద అనుమానంతో ఒంటరిగా వస్తే, అతన్ని కూడా తీసుకురమ్మనేవాణ్ణి. ఇద్దరూ ఇంజన్‌కు చెరో పక్కన నిలబడ్డాకే బానెట్ ఎత్తేవాణ్ణి. కొన్నిసార్లు ఎత్తే అవసరం కూడా వచ్చేది కాదు.