నలభైగారి బిట్‌రేటు

ఆయన అసలు పేరు డిపోలో హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. లోకానికి ఆయన నలభై. ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సు నడిపి, ఒక్కనాడూ స్పీడు ముల్లుని నలభై దాటనివ్వని మనిషిని ఇంకేమని పిలుస్తారు? రిటైరయ్యాక ఆయన ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే చూడలేక, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకునే కూతురు తన కంప్యూటర్లో బస్సు నడిపే ఆట ఒకటి పెట్టిచ్చింది. ఆ ఆట ఆడేవాళ్ళు సిగ్నళ్ళు దాటేస్తారు, స్తంభాలు గుద్దేస్తారు. ఈయన ఖాకీ చొక్కా తొడుక్కుని కూర్చుని, బొమ్మ రోడ్డు మీద కూడా నలభై లోపే నడిపాడు. వెనకున్న బొమ్మ కార్లు హారన్లు కొట్టి కొట్టి చచ్చాయి.

ఆయనకు ఇంకో పట్టింపు కూడా ఉంది. కండక్టరు గంట రెండుసార్లు కొడితేగానీ బండి కదపడు. ఇరవయ్యారేళ్ళు ఆయన వెనక ఉన్నది ఒక్కడే కండక్టరు. వరసకి ఏమీ కాకపోయినా ఒకరికొకరు బావ. ఓసారి ఆ కండక్టరు దిగి, టీ కొట్టు దగ్గర కబుర్లలో పడి బస్సునే మర్చిపోయాడు. ఇరవై నిమిషాలు నిండు బస్సు నోటికొచ్చినట్టు తిడుతుంటే, నలభై క్లచ్చి మీద కాలు తీయకుండా కూర్చున్నాడు.

ఇప్పుడా కండక్టరు పక్షవాతం వచ్చి ఇంట్లో ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంటుంది. ఆడించకపోతే ఇక లేనట్టేనని డాక్టరు చెప్పాడు. పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని ఆయన ఎడమ చేత్తో కిటికీలోంచి విసిరేశాడు. బావకి కాస్త కాలక్షేపమని నలభై ఆటలో తను నడిపిన ట్రిప్పులు రికార్డు చేయించి ఫోనుకి రోజుకొకటి పంపుతున్నాడు.

నెల తిరిగాక కండక్టరు భార్య ఫోన్లో మాటవరసకి అంది: "మీ బస్సు ప్రతి స్టాపులోనూ ఇరుక్కుపోతోంది అన్నయ్యా. మధ్యలో సున్నా తిరుగుతూ ఉంటుంది."

నలభైకి తల కొట్టేసినట్టయింది. ముప్ఫయ్యేళ్ళలో తన బండి దారిలో ఆగిందా ఎప్పుడైనా? వెంటనే వెళ్ళి కూతురి పక్కన కూర్చున్నాడు.

"స్టాపు దగ్గర జనం ఎక్కువ నాన్నా. అందరూ కదులుతూ ఉంటారు. ఆ బొమ్మంతా మొయ్యడానికి అక్కడ బిట్‌రేటు, అంటే సెకనుకి మోసే సరుకు, ఒక్కసారిగా పైకి పోతుంది. ఆయన పాత ఫోను అంత మింగలేదు. ఇంతకు మించి వెళ్ళొద్దని కట్టేస్తే సరిపోతుంది."

"అంటే స్పీడు లిమిట్టే కదా!" ఆయన మొహం వెలిగిపోయింది. "నలభై దగ్గర కట్టెయ్యమ్మా."

ఆమె నవ్వాపుకుని నలభై అనే పెట్టింది. సెకనుకి అరవై బొమ్మలున్న చోట ముప్ఫై చేసింది. కొత్త వీడియో ఎక్కడా ఆగలేదు. కంప్యూటరుకి కూడా బుద్ధి చెప్పగలిగానని ఆయన ఆ రోజంతా కాలరెగరేసుకు తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే కండక్టరు ఫోను. మాట ముద్దగా వచ్చింది గానీ కోపం మాత్రం స్పష్టంగా ఉంది. "గంట కొట్టకుండా బండెలా తీశావు బావా?"

నలభైకి ఏమీ అర్థం కాలేదు. అవతల కండక్టరు భార్య ఫోను అందుకుంది. "మీకు చెప్పలేదు కదూ అన్నయ్యా. ఆ సున్నా తిరిగినప్పుడల్లా మీరు గంట కోసం ఆగారనుకునేవారు. కుడి చేత్తో చెంచా పట్టుకుని గ్లాసు మీద రెండుసార్లు కొట్టేవారు. కాసేపటికి బస్సు కదిలేది. మొదట్లో వేళ్ళే కదిలేవి, ఈమధ్య మోచెయ్యి కూడా లేస్తోంది. నిన్నటినుంచి చెంచా ముట్టడం లేదు. బావ ఇంకో కండక్టర్ని పెట్టుకున్నాడంటున్నారు."

నలభైకి ఏడుపొచ్చింది. ఫోను పెట్టేసి కూతురి దగ్గరికి పరుగెత్తాడు. "మళ్ళీ ఆగేలా చెయ్యమ్మా!"

"లోకమంతా ఆగకుండా ఉండే సెట్టింగు కోసం జుట్టు పీక్కుంటోంది నాన్నా!"

"నాకు ఆగేదే కావాలి. స్టాపులోనే ఆగాలి. చెంచా ఎత్తే దాకా ఆగాలి."

అలాంటి పాత ఫోనే ఒకటి అడిగి తెచ్చుకుని తండ్రీకూతుళ్ళు మూడు రోజులు దానితో కుస్తీ పట్టారు. పెళ్ళివాళ్ళ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పాత లెక్క ఎంతో ఆమె రాసిపెట్టుకోలేదు. అరవై బొమ్మలు మళ్ళీ పెట్టారు. బిట్‌రేటు నలభై దగ్గర ఉంచితే బస్సు ఆగినట్టే ఆగి జారిపోతోంది. అరవైకి పెంచితే వంతెన మధ్యలో కూలబడుతోంది. అది చూస్తే బావ ఇంజను పోయిందనుకుని హడలిపోతాడు. చివరికి యాభై రెండు దగ్గర కుదిరింది. ఆ అంకె కొట్టడానికి నలభైకి చెయ్యి రాలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, "నువ్వే కొట్టమ్మా," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన నలభై దాటాడు.

ఆ మధ్యాహ్నం ఖాకీ చొక్కా వేసుకుని తనే కండక్టరింటికి వెళ్ళాడు. బావ మొహం చూడలేదు. ఆయన మంచం పక్కన, బస్సులోలా ఆయనకి వీపు పెట్టి కుర్చీ వేసుకుని, గ్లాసుకి ఆనించిన ఫోన్లో కొత్త వీడియోకేసి చూస్తూ కూర్చున్నాడు. మొదటి స్టాపొచ్చింది. జనం ఎక్కుతున్నారు. సున్నా తిరగడం మొదలెట్టింది.

కండక్టరు తెర చూశాడు, నలభై వీపు చూశాడు. ఒళ్ళోంచి కుడి చెయ్యి వణుక్కుంటూ లేచి చెంచా వెతుక్కుంది. టింగు. కాస్త ఆగి, టింగు.

సున్నా మాయమైంది. బస్సు కదిలింది. కుర్చీ కింద నలభై ఎడమ కాలు మెల్లగా క్లచ్చి వదిలింది.

"నా గంట లేనిదే కదలవు," అన్నాడు కండక్టరు.

"కదలను బావా."

తరవాతి స్టాపుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. చెంచా పట్టుకున్న చెయ్యి కిందికి దిగలేదు.