అమ్మ పేరున పాజిటివ్

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది, అదే నా ఖర్మ.

కరోనా వచ్చిన మొదటి ఏడాది సంగతి. బెజవాడలో నాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. ఒక రోజు పప్పు అడుగంటి వీధంతా మాడు వాసన కొడుతుంటే, పొయ్యి ముందున్న నా ముక్కుకి ఏమీ తగల్లేదు. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. అప్పుడే నాకు అర్థమైపోయింది. ఆ రోజుల్లో పాజిటివ్ అని తేలితే తలుపుకి కాగితం అంటించేవారు, సందుకి అడ్డంగా కర్రలు కట్టేవారు. ఆ తర్వాత నా చేతి కూర కొనేదెవరు?

తమ్ముడు ఆటో నడిపేవాడు. టెస్టు చేయించుకోకపోతే ఊరుకోనని పట్టుబట్టి, మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి, మనల్నెవరూ ఎరగని చోటని నన్ను మంగళగిరి తీసుకెళ్ళాడు. కౌంటర్లో ఆధార్ అడిగారు. పర్సులో నాదీ ఉంది, చనిపోయిన మా అమ్మదీ ఉంది. అమ్మది తీసి ఇచ్చాను. మా ఇద్దరిదీ ఒకటే మొహం, పైగా మాస్కు. రాసుకునే మనిషి తలెత్తి చూడనే లేదు.

అమ్మకి పాజిటివ్ వచ్చింది. నేను కొట్టు మూసి, "పెళ్ళికి ఊరెళ్ళాం" అని బోర్డు పెట్టి, లోపల గడియ వేసుకుని పడుకున్నాను. ఆధార్‌లో ఉన్న అడ్రసు పట్టుకుని నర్సమ్మ పామర్రులో మా ఇంటికి వెళ్ళిందట. మీరడిగే ఆవిడ సమాధుల తోటలో ఉంది, అక్కడికెళ్ళి చూడమని పక్కవాళ్ళు చెప్పారట. ఆ మాట విని తమ్ముడు ఫోన్లో పగలబడి నవ్వాడు.

"చచ్చిపోయినోళ్ళకి కరోనా తెప్పించినదానివి నువ్వొక్కదానివే అక్కా!"

నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మరుసటి ఏడు, రెండో వేవ్‌లో, వాడికి తగులుకుంది. వాడికున్నది అమ్మ ఇచ్చిన కిడ్నీ. అది నిలబడడానికి వాడే మందులు ఒంట్లో జబ్బుతో పోరాడే శక్తిని అణిచేస్తాయి. వారం తిరిగేసరికి ఐసీయూలో పెట్టారు.

డాక్టరు గారు నన్ను పిలిచి ఓపిగ్గా చెప్పారు. "కరోనా వచ్చి తగ్గినవాళ్ళ రక్తంలో ఆ వైరస్‌ని గుర్తుపట్టి చంపే కణాలుంటాయమ్మా. అవి తీసి ఇతనికి ఎక్కించి చూద్దాం. ఇంకా ప్రయత్నం దశలోనే ఉంది, గ్యారంటీ లేదు. తోబుట్టువులైతే కలిసే అవకాశం ఎక్కువ. మీ ఇంట్లో ఎవరికైనా వచ్చి తగ్గిందా?"

"నాకేనండీ! నాకే వచ్చింది!" అని అరిచినంత పని చేశాను. నాకు జబ్బు వచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

"అయితే ఆ రిపోర్టు తెండి."

ఫోన్లో దాచుకున్న రిపోర్టు చూపించాను. ఆయన చదివారు. పేరు నాది కాదు, వయసు డెబ్బై రెండు. జరిగింది చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"ఈ కాగితం ప్రకారం మీకు కరోనా రాలేదమ్మా. రిపోర్టు లేనివాళ్ళ నుంచి తీసుకోకూడదని రూలు. మీ రక్తం పరీక్ష చేసి, వచ్చిందని రుజువు చూపించి, ఆస్పత్రి కమిటీ దగ్గర సంతకం తీసుకోవాలి. మూడు నాలుగు రోజులు పడుతుంది."

"అన్ని రోజులు ఉంటాడాండీ?"

ఆయన రక్త పరీక్షకి చీటీ రాసి నా చేతిలో పెట్టారు. రక్తం ఇచ్చి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

మర్నాడు నర్సు వీడియో కాల్ కలిపింది. తమ్ముడి మొహమంతా ఆక్సిజన్ మాస్కే. ఏమన్నారని సైగ చేశాడు. పేరు తేడా వచ్చింది, కాస్త లేటవుతుందన్నాను. వాడు మాస్కు పక్కకి లాక్కుని, "అమ్మని తీసుకురమ్మన్నారా?" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. దగ్గు ముంచుకొచ్చింది, నర్సు ఫోన్ కట్టేసింది. వాడితో నా ఆఖరి మాట అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

మూడో రోజు పొద్దున పోయాడు. పామర్రులో అమ్మ పక్కనే గొయ్యి తీయించాం. పాస్టర్ గారు దూరంగా నిలబడి ప్రార్థన చేశారు. ఆయన కాక ఉన్నది నలుగురం.

తోట గేటు దాటుతుంటే ఫోన్ మోగింది. ఆస్పత్రి ల్యాబు నుంచి. ఆ అబ్బాయికి పాపం ఇంకా తెలియదు, గొంతులో సంతోషం.

"మీ కణాలు కలిశాయి మేడమ్! చాలా బాగున్నాయి. కమిటీ కూడా ఓకే చేసింది. రేపు పొద్దున్నే వచ్చేయండి. ఈసారి మీ సొంత ఆధార్ మర్చిపోకండి."

"నా ఆధార్ పర్సులోనే ఉంది నాయనా," అన్నాను. "తమ్ముడే లేడు."